కృపమ్మ బుగ్గ, బెంగుళూరు సూది

తాడేపల్లిగూడెం,
9 జనవరి 2006

అమ్మాయ్ ప్రసన్నా,

నీ మేనమామ రూబెన్ బేకరీ పొయ్యి ముందు చెమటలు కక్కుతూ రాస్తున్న ఉత్తరం ఇది. కాగితం మీద మరకలు కనిపిస్తే కన్నీళ్ళనుకుని కంగారుపడకు, అవి డాల్డా.

నీ ఉత్తరం అందింది. మొదటిసారి చదివితే అర్థం కాలేదు. రెండోసారి చదివితే నువ్వే నన్ను ఆటపట్టిస్తున్నావనిపించింది. ఆ తర్వాత మీ అత్తయ్యకి చదివి వినిపించాను. బెంగుళూరు దాకా వెళ్ళి, అంత చదువు చదివి, నువ్వు చేస్తున్న పని ఈస్టు చప్పుడు వినడమా! ఆ ఈస్టులో చేతులు పెట్టీ పెట్టీ నా జుట్టు నెరిసింది. ఒక్కనాడన్నా అది "ఏవండీ రూబెన్ గారూ, టిఫిన్ చేశారా?" అని అడిగిన పాపాన పోలేదు.

బజారంతా చెప్పేశాను. ఉల్లిపాయల కొట్టు నాగేశ్వరరావు గారు "మా ఉల్లిపాయలు ఏమంటున్నాయో కూడా విని చెప్పమనండి మీ పిల్లని" అన్నారు. "దానికి పిల్లెందుకండీ, మీ తూకం చూసి ఏడుస్తున్నాయి" అన్నాను. అప్పట్నుంచి ఆయన టీలోకి బిస్కట్లు ఎదురు కొట్లో కొంటున్నారు.

రోగమున్న కణం ఒకలా, లేని కణం ఒకలా మోగుతుందని రాశావు చూడు, అక్కడ మీ అత్తయ్య నన్ను ఆపి, ఆ ముక్క మళ్ళీ చదవమంది. ఈమధ్య ఆవిడ వరస బాగాలేదు. కారం ముట్టుకోదు. అన్నంలో పెరుగు, పంచదార కలుపుకుని మింగేస్తోంది. క్రిస్మస్‌కి చర్చిలో పాట ఎత్తుకోమంటే గొంతు బాగాలేదంది. కృపమ్మ ఎత్తుకోకుండా మన చర్చిలో పాట మొదలవడం నా పెళ్ళయ్యాక ఇదే మొదలు. చాటుగా నమిలే జర్దా కిళ్ళీ సంగతి పాస్టరమ్మగారికి తెలిసిపోయిందని బెంగ పెట్టుకున్నావా అని రోజూ ఏడిపిస్తున్నాను.

అన్నట్టు, నీకో కానుక. నిన్నటి పిండిలోంచి కాస్త దాచి ఇవాళ్టి పిండిలో కలుపుతాం కదా, ఆ పాత ముద్ద. నాకు పని నేర్పిన ఫహీమ్ సాహెబు గారి రోజుల నుంచి చావకుండా వస్తోంది. హార్లిక్స్ సీసాలో పెట్టి, మూత బాగా బిగించి కొరియర్లో వేశాను. మీ ప్రొఫెసరు గారి చేతికే ఇచ్చి ఆయన చేతే తెరిపించు. పెద్దవాళ్ళకి మర్యాద చేసినట్టుంటుంది.

పిండి చేతులతోనే ఆశీర్వదిస్తూ,
మావయ్య


బెంగుళూరు,
20 జనవరి 2006

మావయ్యకి,

"గౌరవనీయులైన" అని రాయబోయి మానేశాను. ఎందుకో మీకు తెలుసు.

మీ సీసా మా ప్రొఫెసరు నరసింహమూర్తి గారి బల్ల మీద పేలింది. ఆయన మూత సగం తిప్పారో లేదో, ఢామ్మంది. పిండి ఫ్యానుకి కొట్టుకుని, ఆ ఫ్యాను దాన్ని గదంతా పంచింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ "మీ బంధువులకి మన పని ఇష్టం లేదా అమ్మా?" అని అడిగారు. నేలలోకి దిగిపోదామనిపించింది. పులుస్తున్న పిండికి మూత బిగిస్తే ఏమవుతుందో మీకు తెలియదా? తెలిసే చేశారు.

నా డిగ్రీ పరీక్షలప్పుడు "మావయ్య సీరియస్, వెంటనే రా" అని టెలిగ్రాం ఇచ్చారు. ఏడుస్తూ బస్సు దిగితే, నా పుట్టినరోజు కేకు పట్టుకుని గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డారు. అప్పుడు చిన్నదాన్ని కాబట్టి కేకు తిని ఊరుకున్నాను.

అత్తయ్య అడిగారు కాబట్టి మా పని గురించి సరిగ్గా రాస్తున్నాను. పాత గ్రామఫోను పెట్టెలో ప్లేటు మీద సూది ఆన్చినట్టు, కంటికి కనపడనంత సన్నటి సూదిని బతికున్న ఈస్టు కణం మీద ఆన్చుతాం. కదలకుండా ముందు దాన్ని జల్లెడలాంటి పొర బెజ్జంలో ఇరికిస్తాం. కణం గోడ సన్నగా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకుని కంప్యూటరు పెద్దది చేసి మనకి వినిపించే చప్పుడుగా మారుస్తుంది. వెచ్చబడితే స్థాయి పెరుగుతుంది. సారా చుక్క తగిలిస్తే కీచుమంటుంది. చచ్చిపోతే, రేడియోలో స్టేషన్ దొరకనప్పుడు వచ్చే గరగర మాత్రమే మిగులుతుంది. బతికున్నదాన్నే వినగలం. ఎప్పటికైనా రోగమున్న కణాన్ని కొయ్యకుండానే పట్టుకోవచ్చని మా ఆశ. ఆశ అని రాశాను, మళ్ళీ చదువుకోండి.

ఫ్యాను రెక్క మీద నుంచి గీకిన పిండిలో కొంచెం బతికే ఉంది. దాచాను.

కోపంతోనే,
ప్రసన్న


తాడేపల్లిగూడెం,
1 ఫిబ్రవరి 2006

అమ్మాయ్,

ఫ్యాను పంచిందని చదివి నవ్వాపుకోలేక ఓ పళ్ళెం కేకులు మాడ్చాను. మీ ప్రొఫెసరు గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. లేదా చెప్పకు. ఆయన కూడా ఎప్పుడో ఒకప్పుడు నవ్వాలిగా.

సరే, నవ్వు అయిపోయింది. ఇక్కణ్ణుంచి వేరే సంగతి. ఇది వేళాకోళం కాదు.

మీ అత్తయ్య నోట్లో పుండు ఉంది. నేను కేకు రుచి చూడమంటే నోరు చిన్నగా తెరిచి అంచు కొరికింది. "బంగారు పన్ను కట్టించుకున్నావా, నాకు చూపించవేం?" అని అల్లరి చేసి, టార్చిలైటు వేసి చూశాను. కుడి బుగ్గ లోపల తెల్లటి మచ్చ, దాని మధ్య ఎర్రటి పుండు. రోజూ కిళ్ళీ అదిమి పెట్టుకునే చోటే. ఎన్నాళ్ళనుంచి అంటే "వినాయక చవితి సెలవులప్పుడు" అంది. ఇన్నాళ్ళూ మానని పుండు, ప్రసన్నా!

ఇక్కడి డాక్టరు హనుమంతరావు గారు చూసి, మొహం చిన్నది చేసుకుని, ఏలూరు వెళ్ళి ముక్క తీయించి పరీక్ష చేయించమన్నారు. మీ అత్తయ్య అక్కడే లేచి నిలబడింది. "ముక్క తీస్తే అది పాకుద్దండీ. మా రాజకుమారి అక్కకి తీశారు. ఏడాది తిరక్కుండా పాతిపెట్టాం. నిద్రపోయేదాన్ని కత్తితో లేపమంటారా?" అంది. ఆయన ఎంత చెప్పినా వినలేదు.

ఇంటికొచ్చాక నీ ఉత్తరం మళ్ళీ చదివించుకుంది. "పిల్ల మెషిన్ వింటే వెళ్తాను. కొయ్యక్కర్లేదుగా" అంది. కాబట్టి మేం ఎప్పుడు బయల్దేరాలో రాయి. ఫోన్లో మాట్లాడదామంటే, ఫోను గల్లాపెట్టె పక్కన ఉంటుంది, గల్లాపెట్టె పక్కన ఆవిడుంటుంది. అందుకే ఉత్తరం.

తొందరగా జవాబు రాయమని బతిమాలుతూ,
రూబెన్ మావయ్య


బెంగుళూరు,
10 ఫిబ్రవరి 2006

మావయ్యా, మళ్ళీనా?

ఈసారి నేను బస్సెక్కను. మీ ఉత్తరం రాగానే ఫోన్ చేశాను. అత్తయ్యే ఎత్తారు. "నోరెలా ఉందత్తయ్యా?" అంటే "మైదా రేటు పెరిగిందమ్మా" అన్నారు. "పుండట కదా" అంటే నవ్వి, "మీ మావయ్య మాటలకేంలే, నువ్వు చదువుకో" అన్నారు. మాట మాత్రం కొంచెం ముద్దగా వచ్చింది. నోట్లో కిళ్ళీ ఉందనుకున్నాను.

పెంటపాడు నుంచి ఎవరో పెళ్ళిచూపులకి వస్తామంటున్నారని అమ్మ రాసింది. నన్ను ఊరికి రప్పించడానికి ఇద్దరూ కలిసి వేసిన ఎత్తు కదూ? ఇంకెవరి మీదైనా ఆడండి, జబ్బుల మీద మాత్రం ఆడకండి. ఇక్కడ నేను ఆ జబ్బుల గురించే రాత్రింబవళ్ళు చదువుతున్నాను.

ప్రసన్న


తాడేపల్లిగూడెం,
16 ఫిబ్రవరి 2006

ప్రసన్నకుమారికి,

ఈ ఉత్తరంలో వేళాకోళం ఒక్కటి కూడా లేదు. వెతుక్కో.

డాక్టరు హనుమంతరావు గారి చీటీ జతపరిచాను. ఆయన ఫోను నంబరు దానిమీదే ఉంది. నా మాట నమ్మక్కర్లేదు, ఆయన్ని అడుగు. ఫోన్లో నువ్వు విన్న ముద్ద మాట కిళ్ళీది కాదు. కిళ్ళీ మానేసి చాలా రోజులైంది, నమలలేక.

నీకిచ్చిన టెలిగ్రాం సంగతి బాగానే గుర్తుంది. దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాను.

రూబెన్


బెంగుళూరు,
22 ఫిబ్రవరి 2006

మావయ్యా,

డాక్టరు గారితో మాట్లాడాను. ఏం రాయాలో తెలియట్లేదు కాబట్టి, చెయ్యాల్సింది మాత్రం రాస్తాను.

మా సూది అత్తయ్యకి పనికిరాదు. అది ఈస్టునే వింటోంది, మనిషి కణాల జోలికి మేమింకా సరిగ్గా పోలేదు. ఏది రోగం చప్పుడో, ఏది మామూలు చప్పుడో తేల్చి చెప్పడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదు. అన్నేళ్ళు ఆ పుండు ఆగదు. వెంటనే ముక్క పరీక్ష చేయించండి. కత్తి తగిలినందువల్ల జబ్బు పాకదు. రాజకుమారి పెద్దత్తయ్య విషయంలో ముక్క తీసేటప్పటికే ఆలస్యమైపోయింది. తప్పు కత్తిది కాదు, ఆలస్యానిది.

ఇంకొకటి. అత్తయ్యకి అబద్ధం చెప్పకండి. నోరు ఆవిడది. విషయం తెలిసి ఆవిడే ఒప్పుకోవాలి.

మిమ్మల్ని నమ్మనందుకు సిగ్గుపడుతున్నాను.
ప్రసన్న


తాడేపల్లిగూడెం,
14 మార్చి 2006

అమ్మాయ్,

ముందు మంచి కబురు: ముక్క తీయించాం. ఇక చెడ్డ కబురు: అదే. ఏలూరు డాక్టరు గారు కాగితం చూసి క్యాన్సరే అన్నారు. అయితే మెడలోకి పాకినట్టు లేదట. బెజవాడలో ఆపరేషన్ చేస్తారట, ఆలస్యం చెయ్యొద్దన్నారు.

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టే భాగం. నీ ఉత్తరం వచ్చిన రోజునే మీ అత్తయ్య పుట్టింటికి పారిపోయింది. ఏలూరు అన్న మాట నా నోట్లోంచి రావడం, ఆవిడ సంచీ సర్దుకోవడం ఒకేసారి జరిగాయి. నేను ఆకివీడు దాకా బస్సులో, అక్కణ్ణుంచి కొల్లేట్లో పడవ మీద ఆవిడ అన్నగారి లంకకి వెళ్ళాను. ప్రభుత్వం వాళ్ళు వచ్చి చేపల చెరువుల గట్లు తెంపేస్తారని ఆ లంకంతా గోల. బావగారు అప్పారావు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నారు. నేను నా పెళ్ళాం కోసం వచ్చానని చెప్పడానికి సిగ్గేసింది.

మీ అత్తయ్య చేపలు తోముతోంది. నన్ను చూసి తలెత్తలేదు. "నన్ను కొయ్యనివ్వనండి" అంది.

"కొయ్యడం కాదు కృపా. బియ్యపుగింజంత తీసి, ఐసులో పెట్టి మన ప్రసన్నకి పంపిస్తారు. అది సూది పెట్టి వింటుంది. రోగమో కాదో అదే చెబుతుంది."

ఆవిడ చేతిలో చేపని అలాగే పట్టుకుని నావంక చాలాసేపు చూసింది. "పిల్ల వింటుందా?"

"వింటుంది."

"పదండి అయితే" అని చెయ్యి కడుక్కుంది.

అబద్ధమే. అంతకు ముందురోజు నీ ఉత్తరం చదివాను, నువ్వు వద్దన్నావని తెలుసు. ఆడాను. ఇంకోసారి అవసరమైతే మళ్ళీ ఆడతాను. కానీ ఇప్పుడో చిక్కొచ్చింది. రోజూ పోస్టుమేన్ రాగానే "పిల్ల ఏం విందో రాసిందా?" అని అడుగుతోంది. నువ్వో నాలుగు ముక్కలు రాసెయ్యి: విన్నాను, చప్పుడు బాగాలేదు, ఆపరేషన్ చేయించుకో అని. నువ్వు చెబితే బెజవాడ బయల్దేరుతుంది. నిజంగానే చప్పుడు బాగాలేదుగా!

నీ జవాబు కోసం గుమ్మంలో నిలబడి,
మావయ్య


బెంగుళూరు,
20 మార్చి 2006

మావయ్యా,

రాయను.

విననిదాన్ని విన్నానని రాస్తే, రేపు ఆపరేషన్ అయ్యాక ఆవిడ "అంతా పోయిందా, విని చెప్పు" అంటుంది. అప్పుడేం రాయను? పోయిందనా? ఆ మాట నమ్మి ఆవిడ డాక్టర్ల దగ్గరికి వెళ్ళడం మానేస్తే? నేనిక్కడ నిజం వినడానికి కూర్చున్నాను. మీకోసం ఈ మెషిన్ని తాయెత్తు చెయ్యలేను. నరసింహమూర్తి గారు కంప్యూటరులో ఒక్క గీత అటూ ఇటూ అయినా మళ్ళీ మొదటినుంచి చేయిస్తారు. అలాంటి చోట కూర్చుని అత్తయ్యకి దొంగ రిపోర్టు ఎలా రాయమంటారు?

మీరే చెప్పండి. ముక్క నాకు పంపలేదని, ఏలూరులోనే చూశారని, ఏం తేలిందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఈస్టరు లోపు మీరు చెప్పకపోతే నేనే వచ్చి చెబుతాను.

ఈ ఉత్తరంతో ఒక క్యాసెట్టు పంపిస్తున్నాను. ఫ్యాను మీద నుంచి గీకి దాచిన మన బేకరీ పిండిలోని ఈస్టు చప్పుడు అందులో ఉంది. ఇది నిజంగా విన్నది. అత్తయ్యకి వినిపించండి. నా దగ్గర ఆవిడకి ఇవ్వదగ్గ నిజం ప్రస్తుతానికి ఇదొక్కటే.

మీ మొండి మేనకోడలు,
ప్రసన్న


తాడేపల్లిగూడెం,
3 ఏప్రిల్ 2006

అమ్మాయ్,

నీది మీ అమ్మ మొండితనం. మా అక్క కూడా చిన్నప్పుడు నేను జామకాయలు కోశానని తను చూడకుండా సాక్ష్యం చెప్పనంది. సరే, చెప్పాను.

మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు, గల్లాపెట్టె ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. పొద్దున్నుంచీ ఎలా మొదలుపెట్టాలా అని నోట్లో నానబెట్టుకున్న మాటలన్నీ పోయి, "కృపా, నీ ముక్క బెంగుళూరు వెళ్ళలేదు" అనేశాను.

ఆవిడ చిల్లర సర్దుతూనే "తెలుసండీ" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఐసులో పెట్టిన చేప పలుకుతుందాండీ? పుట్టినప్పట్నుంచీ ఐసుపెట్టెల మధ్య పెరిగాను. బతికున్నదాన్నే వినగలమని పిల్ల రాసింది. మీరే కదా చదివి వినిపించారు."

నా తెలివికి నాకే నవ్వొచ్చింది, రాలేదు కూడా. "మరి ఆవేళ లంకలో 'పదండి' అని ఎందుకు లేచావు?"

అప్పుడు చిల్లర వదిలేసింది. "మీ అబద్ధాలు నాకు కొత్తా? మీరు వేళాకోళం ఆడేటప్పుడు మాట ముక్కులోంచి వస్తుంది, మాట వెనకాలే నవ్వొస్తుంది. ఆవేళ నవ్వు రాలేదు. గొంతు వణికింది. ఈ మనిషికే ఇంత భయమేసిందంటే నాది వట్టి పుండు కాదనుకున్నాను. అందుకు లేచాను. పిల్ల సూది కోసం కాదు."

ప్రసన్నా, స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకున్నాను. తర్వాత అడిగాను. "మరి రోజూ పోస్టుమేన్ని చూసి పిల్ల రాసిందా, రాసిందా అని నా ప్రాణం తీశావే?"

"మీరు ఎన్నాళ్ళు మోస్తారో చూద్దామని. నన్ను ఇన్నేళ్ళు ఆడించారుగా" అంది. బుగ్గ నొప్పి పెడుతున్నా నవ్వింది. నా మీద అంత చక్కగా ఆడినవాళ్ళు తాడేపల్లిగూడెంలో ఇంకెవరూ లేరు.

ఆ తర్వాత రాజకుమారి వదిన మాట తీసింది. నేను ఏలూరు కాగితంలో ఉన్నది క్యాన్సరేనని దాచకుండా చెప్పి, కత్తి గురించి నువ్వు రాసింది మొత్తం చదివాను. "అక్క కూడా నాలాగే దాచుకుంది" అంది. గల్లాపెట్టె మూసి, "బెజవాడ ఎప్పుడు రమ్మన్నారు?" అని తనే అడిగింది.

క్యాసెట్టు వేశాం. ముందు గుయ్యిమంది. తర్వాత సన్నగా, ఆగకుండా ఒకటే మోత. నాగేశ్వరరావు గారు కూడా వచ్చి విన్నారు (బిస్కట్లు మళ్ళీ మన దగ్గరే కొంటున్నారు). "దోమలా ఉందండీ" అన్నారాయన. మీ అత్తయ్య చెవి దగ్గరగా పెట్టి, "కాదండీ, పాట ఎత్తుకోబోయే ముందు శృతి చూసుకుంటున్నట్టుంది" అంది. తిప్పి తిప్పి వింది. బెజవాడ సంచీలో చీరల మధ్య అది కూడా పెట్టుకుంది.

ఆపరేషను ఈస్టరు దాటాక. పాట పోతుందేమోనని భయపడుతోంది, అయినా వెళ్తోంది.

ఇక అబద్ధాలాడే ఓపిక లేని,
మావయ్య


బెంగుళూరు,
11 ఏప్రిల్ 2006

మావయ్యా, అత్తయ్యా,

ఈసారి ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ఉత్తరం దాచుకునే పని ఇక లేదుగా.

ఆపరేషను రోజుకి నేను బెజవాడలో ఉంటాను. పిలవకుండానే వస్తున్నాను. నరసింహమూర్తి గారు సెలవిచ్చారు. "మీ మావయ్యగారు మళ్ళీ సీసా పంపుతారా?" అని భయంగా అడిగారు.

అత్తయ్యా, నా సూది మీ అవసరానికి అందలేదు. దానికి నాకు బాధగా ఉంది. కానీ మానను. మనిషి బుగ్గ కణాలని వినే పని మొదలుపెడదామని ఆయన్ని అడిగాను. పదేళ్ళు పట్టవచ్చు, చివరికి ఏమీ తేలకపోవచ్చు అన్నారు. సరేనన్నాను.

మీ ప్రసన్న


తాడేపల్లిగూడెం,
26 జూన్ 2006

అమ్మాయ్ ప్రసన్నా,

నువ్వు బెజవాడ నుంచి వెళ్ళాక జరిగినవి రాస్తున్నాను. కుట్లు మానాయి. తొడ మీద నుంచి తీసి బుగ్గలో అతికించిన చర్మం నిలిచింది. రేడియేషను కరెంటు పెట్టడం కూడా అయింది. నోరంతా పూసి, రోజులతరబడి గంజి తప్ప దిగలేదు. మాట్లాడలేక, సగంలో మానేస్తానని ఒకసారి పలక మీద రాసింది. నేను తుడిచేశాను. మళ్ళీ రాసింది. మళ్ళీ తుడిచాను. మూడోసారి "మీరు పెద్ద మొండి" అని రాసి, ఆసుపత్రికి బస్సెక్కింది.

మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. తిరిగి రావచ్చునని, రాకపోవచ్చునని కూడా చెప్పారు. ఆవిడ ముందే చెప్పమన్నాను. ఇద్దరం విన్నాం.

నిన్న ఆదివారం చర్చికి వెళ్ళాం. పాట సమయానికి అందరూ అలవాటు ప్రకారం ఆవిడ వంక చూశారు. పాస్టరమ్మగారు "మీరు కూర్చోండి కృపమ్మ గారూ" అన్నారు. ఆవిడ లేచింది. నోరు తెరవడం ఇంకా కష్టం, మాట మెలికలు తిరుగుతోంది. పెదాలు మూసుకునే శృతి ఎత్తుకుంది. క్యాసెట్టులో మోతలాగే సన్నగా, ఆగకుండా. మిగతావాళ్ళు అందుకున్నారు.

పక్కన కూర్చున్న నేను తల వంచి, ఆవిడ బుగ్గకి చెవి ఆన్చాను. నీ మెషిన్ లేదుగా మరి! ఏం వినపడిందో చెబుదామంటే, పాట ఆపకుండానే నా చెవి పట్టుకుని మెలేసింది. ఇంకా ఎర్రగానే ఉంది.

ఇవాళ పొద్దున్న, బెజవాడ నుంచి వచ్చాక మొదటిసారి తనే పిండి కలిపింది. అందులోంచి కాస్త తీసి హార్లిక్స్ సీసాలో పంపుతున్నాం. భయపడొద్దని ప్రొఫెసరు గారికి చెప్పు. ఈసారి మూతకి మేకుతో బెజ్జం కొట్టించింది, నా చేతే.

దీన్ని వినమంటోంది. విని, ఎలా వినపడితే అలాగే రాయమంటోంది. తీపి కలపొద్దట.

చెవి మండుతూ,
మీ మావయ్య, పక్కనే పలక పట్టుకుని నిలబడ్డ మీ అత్తయ్య